ట్రాన్స్‌ఫర్‌కు ఏ యూనివర్సిటీ? ర్యాంకు కన్నా ముందు చూడాల్సిన కోర్సుల జాబితా

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మిగతా డిగ్రీ కోసం యూనివర్సిటీకి మారడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. ఆ కాలేజీల్లో అక్టోబర్, నవంబర్ అంటే టెన్షన్ నెలలు. రెండో ఏడాదిలోకి వచ్చిన పిల్లలు యూనివర్సిటీ దరఖాస్తులు నింపుతుంటారు. బర్క్‌లీకి పెట్టాలా, యూసీఎల్‌ఏకి పెట్టాలా, ఇంటి దగ్గరున్న శాన్ హోసే స్టేట్ చాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. కానీ ఆ చర్చకు తగిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. మొదటి ఏడాదిలో ఏ మ్యాథ్స్ క్లాసుతో మొదలుపెట్టారు, ఫిజిక్స్ తీసుకున్నారా లేదా, ప్రోగ్రామింగ్ ఏ భాషలో నేర్చుకున్నారు అన్నవే ఏ యూనివర్సిటీకి అర్హత ఉంటుందో, దేనికి ఉండదో చాలావరకు తేల్చేసి ఉంటాయి.

తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి కొత్త. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, తర్వాత వెబ్ ఆప్షన్లు. ఆప్షన్లను చివరి రోజు రాత్రి దాకా పైకీ కిందకీ మార్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో ట్రాన్స్‌ఫర్‌కు ప్రవేశ పరీక్ష లేదు, ఎస్‌ఏటీ స్కోరు అడగరు. రెండేళ్లలో పూర్తిచేసిన కోర్సులు, వాటిలో వచ్చిన గ్రేడ్లే పరీక్ష. సీటు వస్తే నేరుగా మూడో ఏడాదిలో చేరతారు. కాబట్టి ఇక్కడ ఆప్షన్లు పెట్టుకోవడం మొదటి టర్మ్ టైమ్‌టేబుల్ వేసుకున్నప్పుడే మొదలైపోతుంది.

ఈ దారి ఎవరో దయతలచి తెరిచింది కాదు. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూల్ పూర్తిచేసినవారిలో పై ఎనిమిదో వంతు మందికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ), పై మూడో వంతు మందికి స్టేట్ కాలేజీలు (ఇప్పటి క్యాల్ స్టేట్), మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీలు అని విభజించింది. కింది మెట్టు మీద మొదలుపెట్టినవారు చదువుకుని పై మెట్టుకు వెళ్లే వీలుండాలన్నది ఆ ప్లాన్‌లోని ముఖ్యమైన హామీ. ఇవాళ 116 కమ్యూనిటీ కాలేజీలు, బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి, డిగ్రీ చదువు చెప్పే 9 యూసీ కాంపస్‌లు, శాన్ హోసే స్టేట్ లాంటి 22 క్యాల్ స్టేట్ కాంపస్‌లు ఆ హామీ మీదే నడుస్తున్నాయి. యూసీలో చేరే ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా ఈ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చేవారే. అందుకే "కమ్యూనిటీ కాలేజీలో చేరాడా?" అని బంధువులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు తల్లిదండ్రులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చివర్లో చేతికొచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఎక్కడా ఉండదు.

అసిస్ట్ చెప్పే లెక్క

యూనివర్సిటీ ఎంపికలో మొదట తెరవాల్సింది ర్యాంకుల పట్టిక కాదు, అసిస్ట్ అనే వెబ్‌సైట్. కమ్యూనిటీ కాలేజీలకూ యూసీ, క్యాల్ స్టేట్ కాంపస్‌లకూ మధ్య ఉన్న కోర్సు ఒప్పందాలన్నీ అందులో ఉంటాయి. చదువుతున్న కాలేజీ, వెళ్లాలనుకుంటున్న యూనివర్సిటీ, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే రెండు వరుసల పట్టిక వస్తుంది. ఒక వరుసలో యూనివర్సిటీ మొదటి రెండేళ్లలో చెప్పే కోర్సులు, పక్క వరుసలో వాటికి సమానమైన కమ్యూనిటీ కాలేజీ కోర్సులు. కొన్ని చోట్ల పక్క గడిలో "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటుంది. అంటే ఆ కోర్సుకు సమానమైనది ఈ కాలేజీలో లేదు, చేరిన తర్వాత అక్కడే చదవాలి. ఎంపికకు పనికొచ్చే సమాచారం చాలావరకు ఈ గడుల్లోనే దొరుకుతుంది.

కంప్యూటర్ సైన్స్‌నే తీసుకుందాం, మన పిల్లల్లో ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. యూసీఎల్‌ఏలో ఈ మేజర్ ఇంజినీరింగ్ స్కూల్లో ఉంది. అందుకని ప్రోగ్రామింగ్, మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రాలతో పాటు క్యాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్ సిరీస్ కూడా అడుగుతారు. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ పేరుతో రెండు దారులున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలోని ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్సెస్ మేజర్‌కు ఫిజిక్స్ కావాలి. విడిగా ఉన్న కంప్యూటర్ సైన్స్ మేజర్‌కు ఫిజిక్స్ అడగరు, కానీ డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ గట్టిగా ఉండాలి. ఫిజిక్స్ సిరీస్ వరుసగా చదవాల్సిందే, మొదటిది పాసైతే గానీ రెండోది తీసుకోవడానికి వీల్లేదు. దానికి ముందు క్యాలిక్యులస్ మొదలై ఉండాలి. ప్రీక్యాలిక్యులస్‌తో మొదలైన విద్యార్థి, ఫిజిక్స్ రెండో ఏడాదిలో చూసుకుందాంలే అనుకుంటే యూసీఎల్‌ఏ జాబితాలోంచి పోయినట్టే. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 4.0 ఉన్నా అంతే. ఆ సంగతి తెలిసేది దరఖాస్తు నింపేటప్పుడు. ఇలా చదువులో ఏ లోటూ లేకుండా, కేవలం వరుస తెలియక దూరమైన సీట్లు చాలా ఉంటాయి. అదే బాధ కలిగించే విషయం.

సొంత కాలేజీలో లేని కోర్సు పక్క కాలేజీలో ఉండొచ్చు. కూపర్టీనోలోని డి ఆంజాలో లేనిది లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్‌లోనో, ఫ్రీమాంట్‌లోని ఓలోనీలోనో, ఆన్‌లైన్‌లో మరో జిల్లా కాలేజీలోనో దొరకొచ్చు. ఒకేసారి రెండు కాలేజీల్లో క్లాసులు తీసుకోవడం ఇక్కడ మామూలే. అయితే ఆ కోర్సు కూడా లక్ష్య యూనివర్సిటీతో ఒప్పందంలో ఉందో లేదో అసిస్ట్‌లో ఆ రెండో కాలేజీ పేరు పెట్టి చూసుకోవాలి. పేరు ఒకేలా ఉన్నంత మాత్రాన సరిపోదు.

జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన సాధారణ కోర్సుల విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి. 2025 ఫాల్ (విద్యా సంవత్సరపు మొదటి టర్మ్) నుంచి పాత ఐజెట్‌సీ జాబితా బదులు యూసీకీ క్యాల్ స్టేట్‌కూ కలిపి క్యాల్-జెట్‌సీ అనే ఒకే కోర్సుల జాబితా వచ్చింది. 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు (యూనిట్ అంటే క్రెడిట్). చరిత్ర, సైకాలజీ, ఇంగ్లిష్ మేజర్లవాళ్లకు దీన్ని ముందే పూర్తిచేయడం మంచిది. ఇంజినీరింగ్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లు మాత్రం అన్ని జనరల్ కోర్సులూ ముగించి మేజర్ కోర్సులు వెనక్కి నెట్టేస్తే నష్టపోతారు. ఈ మేజర్లలో అడ్మిషన్ వాళ్లు ముందు చూసేది మేజర్ ప్రిపరేషన్‌నే.

యూనివర్సిటీ సగటు వేరు, మేజర్ సగటు వేరు

"యూసీఎల్‌ఏలో ట్రాన్స్‌ఫర్లకు నాలుగింట ఒకరికి సీటు వస్తుందట" అన్న మాట వినపడుతుంటుంది. మొత్తం యూనివర్సిటీ లెక్కగా అది కాస్త అటూ ఇటూగా నిజమే. కంప్యూటర్ సైన్స్‌కు వచ్చేసరికి పదిమందిలో ఒకరికి కూడా రావడం లేదు. అదే కాంపస్‌లో కొన్ని హ్యుమానిటీస్ మేజర్లలో సీటు దొరికే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. యూసీ ఇన్ఫర్మేషన్ సెంటర్ ప్రతి కాంపస్‌కూ, ప్రతి మేజర్‌కూ ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి సీటు వచ్చింది, వాళ్ల జీపీఏ ఏ మధ్యలో ఉంది అన్నది బయటపెడుతుంది. ఆ పట్టిక చూడకుండా ఎంత అవకాశం ఉందో ఎవరు చెప్పినా, కన్సల్టెన్సీ వాళ్లయినా తెలిసిన అన్నయ్య అయినా, అది ఊహే.

దీనికి చాలామంది కనిపెట్టే ఉపాయం, సులువుగా సీటు వచ్చే మేజర్‌లో చేరి తర్వాత కంప్యూటర్ సైన్స్‌కు మారడం. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి విషయంలో ఇది బాగా ప్రమాదకరం. పోటీ ఎక్కువున్న మేజర్లలోకి లోపలి నుంచి మారడాన్ని చాలా కాంపస్‌లు కఠినం చేశాయి, కొన్ని దాదాపు ఆపేశాయి. ఫ్రెష్‌మన్‌గా, అంటే నేరుగా మొదటి ఏడాదిలో చేరినవారికి ప్రయత్నించడానికి ఏడాది రెండేళ్ల సమయం ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ వాళ్లకు మొత్తం ఉన్నదే రెండేళ్లు. అందుకే మారలేకపోయినా ఆ మేజర్‌లోనే సంతోషంగా చదవగలరా అని ముందే నిజాయితీగా అడిగి చూసుకోవాలి. డేటా సైన్స్, స్టాటిస్టిక్స్, అప్లైడ్ మ్యాథ్స్, కాగ్నిటివ్ సైన్స్ లాంటివి కొందరికి నిజంగానే నచ్చుతాయి. అలాంటివారికి అది రాజీ కానే కాదు.

హామీ ఉన్న సీట్లు

యూసీలో ట్యాగ్ అనే ఒప్పందం ఉంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరు కాంపస్‌లు, తాము చెప్పిన కోర్సులూ జీపీఏ ఉంటే సీటు ఖాయమని ముందే రాసిస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో ఇందులో లేవు. ట్యాగ్ ఒక్క కాంపస్‌కే పెట్టాలి, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. మిగతా కాంపస్‌లకు మామూలు దరఖాస్తు ఎలాగూ పెట్టుకోవచ్చు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద కమ్యూనిటీ కాలేజీలో చదివేవారికీ ఇది వర్తిస్తుంది. ఒక్క మెలిక ఏమిటంటే అన్ని మేజర్లూ ఇందులో ఉండవు. శాంటా బార్బరా ఇంజినీరింగ్ కాలేజీకి ట్యాగ్ లేదు. కంప్యూటర్ సైన్స్ లాంటి వాటిని కొన్ని కాంపస్‌లు తప్పించాయి. ఈ జాబితా ఏటా మారుతుంది, రెండేళ్ల కింద అక్క వాడుకున్న ట్యాగ్ ఇప్పుడు తమ్ముడికి ఉండకపోవచ్చు.

ట్యాగ్ కాంపస్‌ను చాలామంది "ఏదీ రాకపోతే" అన్న మనసుతో పెడతారు. మెర్సెడ్ పేరు చెబితే మొహం చిన్నబోయే తల్లిదండ్రులున్నారు. మెర్సెడ్ 2005లో తెరుచుకున్న చిన్న కాంపస్, నిజమే. కానీ అమెరికా యూనివర్సిటీలను స్థాయిలుగా విభజించే కార్నెగీ వర్గీకరణ 2025లో వచ్చినప్పుడు అందులో అది కూడా అత్యున్నత పరిశోధన స్థాయికి చేరింది. ప్రొఫెసర్‌తో కలిసి ల్యాబ్‌లో పనిచేయాలనుకునే విద్యార్థికి, పెద్ద కాంపస్‌లో వందల మంది పోటీపడే చోట కన్నా, అండర్‌గ్రాడ్యుయేట్లను వెతుక్కునే చోట అవకాశం త్వరగా దొరకొచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు ఈ కోణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

క్యాల్ స్టేట్ వైపు హామీ పేరు ఏడీటీ, అంటే ట్రాన్స్‌ఫర్ కోసం ఇచ్చే అసోసియేట్ డిగ్రీ. 2010లో చట్టంగా వచ్చింది. ఈ డిగ్రీ ఉంటే క్యాల్ స్టేట్ వ్యవస్థలో ఎక్కడో ఒక చోట సీటు ఖాయం, అదే రంగంలో అయితే ఇంకో 60 యూనిట్లతో డిగ్రీ ముగించేలా దారి చూపిస్తారు. "ఎక్కడో ఒక చోట" అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. శాన్ హోసే స్టేట్‌లో కంప్యూటర్ సైన్స్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ లాంటివి ఇంపాక్టెడ్ మేజర్లు, అంటే ఉన్న సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ. ఏడీటీ ఉన్నా అక్కడ పోటీ తప్పదు.

మిగిలిపోయే యూనిట్లు, పెరిగిపోయే ఏళ్లు

2004 నుంచి 2009 మధ్య అమెరికాలో ట్రాన్స్‌ఫర్ అయిన విద్యార్థులు తమ క్రెడిట్లలో సగటున 43 శాతం పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో అంచనా వేసింది. అది దేశమంతటి లెక్క, ప్రైవేటు కాలేజీల మధ్య బదిలీలు కూడా అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా పబ్లిక్ వ్యవస్థలో అసిస్ట్ ఉన్నందువల్ల పరిస్థితి చాలా మెరుగు. అయినా నష్టం మరో రూపంలో వస్తుంది. యూనిట్లు చేరినప్పటికీ అవి మేజర్‌కు పనికిరాకుండా ఎలక్టివ్‌లుగా (ఐచ్ఛిక కోర్సులుగా) మిగిలిపోతాయి. యూసీ లోయర్ డివిజన్ (మొదటి రెండేళ్ల స్థాయి) యూనిట్లను 70 సెమిస్టర్ యూనిట్ల దాకానే లెక్కిస్తుంది. ఆపైన చేసినవాటికి సబ్జెక్ట్ అవసరం తీరుతుంది గానీ యూనిట్లు కలవవు.

కాబట్టి రెండు యూనివర్సిటీలను పోల్చేటప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న, చేరిన రోజు నాటికి మేజర్‌లో ఎన్ని లోయర్ డివిజన్ కోర్సులు మిగిలి ఉంటాయి అన్నది. ఒక్క కోర్సు మిగిలినా అది తర్వాతి మూడు కోర్సులకు ముందు మెట్టయితే ఒక టర్మ్ జారిపోతుంది. రెండు మిగిలితే రెండేళ్ల డిగ్రీ రెండున్నర, మూడేళ్లవుతుంది. ర్యాంకులో పది స్థానాలు పైనున్న చోట మూడేళ్లు, కిందున్న చోట రెండేళ్లు పట్టేటప్పుడు, ఆ మూడో ఏడాదికయ్యే అద్దె, ఫీజు, పోయే ఏడాది జీతం కూడా కాగితం మీద రాసి చూడాలి. చాలా ఇళ్లలో ఈ లెక్క వేయరు. వేస్తే నిర్ణయం మారే సందర్భాలు తక్కువేం కాదు.

డబ్బు, వీసా

కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760 డాలర్లు. యూసీలో కొత్తగా చేరే నివాసికి ఏడాదికి సుమారు 15 వేల డాలర్ల ట్యూషన్, క్యాల్ స్టేట్‌లో 2025-26లో 6,450 డాలర్లు, దాని మీద కాంపస్ ఫీజులు. నివాసి కానివారికి యూసీ అదనంగా వేసే ఫీజు 2025-26లో కొత్తగా చేరినవారికి 37,602 డాలర్లు. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా) లాంటి ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్ ఒక్కటే 70 వేలు దాటింది, అయితే స్కాలర్‌షిప్ వస్తే కట్టాల్సిన అసలు ఖర్చు వేరుగా ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా తెలియాల్సిన సంగతి వీసా. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద తల్లిదండ్రులతో ఉన్న పిల్లలు, 366 రోజుల నివాసం లాంటి నిబంధనలు తీరితే, కాలిఫోర్నియా నివాసులుగా లెక్కలోకి రావచ్చు. ఎఫ్-1 వారికి ఆ వీలు లేదు. హెచ్-4 పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ ఇళ్లలో పిల్లలు సరిగ్గా ట్రాన్స్‌ఫర్ అయ్యే వయసులోనే ఆ గీత దాటుతారు. హోదా ఎఫ్-1కు మారితే ఫీజు వర్గం కూడా మారే ప్రమాదం ఉంది. యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, తమ తేదీలు చెప్పి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే సీటు ఒప్పుకోవాలి. ఏడాదికి 37 వేల డాలర్ల తేడా వచ్చే చోట నోటిమాట సరిపోదు. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేయడానికీ అనుమతి లేదు. ఇవన్నీ యూనివర్సిటీ ఎంపికలో భాగమే.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా ఎఫ్-1 మీద కమ్యూనిటీ కాలేజీకి వచ్చేవారు మేజర్ పేరుతో పాటు దాని సీఐపీ కోడ్ (ప్రతి చదువు రంగానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) కూడా చూడాలి. డిగ్రీ తర్వాత స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) రంగాలవాళ్లకు ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, పొడిగింపు దక్కేది ఆ కోడ్‌ను బట్టి. ఎకనామిక్స్‌లోనే మామూలు ఎకనామిక్స్ 45.0601 స్టెమ్ కిందకు రాదు, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603 వస్తుంది. ఒక యూనివర్సిటీ ఒక కోడ్ వాడుతుంది, మరొకటి ఇంకోటి. పేరు చూసి తెలుసుకోలేం, డిపార్ట్‌మెంట్‌నే అడగాలి.

చేరిన మొదటి పది వారాలు

బర్క్‌లీ, మెర్సెడ్ సెమిస్టర్ పద్ధతి. మిగతా ఏడు యూసీలు క్వార్టర్ పద్ధతి, అంటే పది వారాల పాఠాలు, ఆ వెంటనే ఫైనల్స్. రాష్ట్రంలో చాలా కమ్యూనిటీ కాలేజీలు సెమిస్టర్ మీద నడుస్తాయి, డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి కొన్నే క్వార్టర్ మీద. సెమిస్టర్‌కు అలవాటైన విద్యార్థి క్వార్టర్ కాంపస్‌లో దిగితే, సర్దుకునేలోపే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. ట్రాన్స్‌ఫర్ అయిన మొదటి టర్మ్‌లో గ్రేడ్లు తగ్గడానికి "ట్రాన్స్‌ఫర్ షాక్" అన్న పేరు 1965 నుంచే ఉంది. తగ్గిన గ్రేడ్లు చాలామందికి తర్వాత కోలుకుంటాయి. ఆ మొదటి టర్మ్‌లో తక్కువ కోర్సులు తీసుకునే వీలు ఉందా, ట్రాన్స్‌ఫర్ వాళ్లకు వేరే సలహాదారులున్నారా అని అడగడం మంచిది.

అదే సమయంలో ఇంకో ఒత్తిడి ఉంటుంది. వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద టెక్ కంపెనీలు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే దరఖాస్తులు తీసుకుంటాయి. ఫ్రెష్‌మన్‌గా చేరినవారికి అప్పటికి రెండేళ్ల స్నేహాలు, క్లబ్బులు, ప్రాజెక్టులు ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి కొత్త యూనివర్సిటీలో ఒక్క గ్రేడు కూడా వచ్చి ఉండదు. అందుకే కమ్యూనిటీ కాలేజీలో ఉండగానే చెప్పుకోదగ్గ ప్రాజెక్టు ఒకటైనా చేసి ఉంచుకోవాలి. శాన్ హోసే స్టేట్‌ను ఈ కోణంలో తక్కువ చేసి చూడకూడదు. సిలికాన్ వ్యాలీ కంపెనీల మధ్యే ఉంది. ఇంటి నుంచి వెళ్లి వచ్చేవారికి హాస్టల్ ఖర్చు మిగులుతుంది. హాస్టల్‌లో ఉండాలనుకునేవారు మాత్రం గది సంగతి ముందే అడగాలి. యూసీఎల్‌ఏ ట్రాన్స్‌ఫర్లకు రెండేళ్లు గది హామీ ఇస్తుంది. శాంటా క్రూజ్, శాంటా బార్బరా ఊళ్లలో అద్దె ఇల్లు దొరకడమే కష్టం.

క్యాలెండర్ విషయానికొస్తే, యూసీ దరఖాస్తును అక్టోబర్ 1 నుంచి పంపొచ్చు, గడువు నవంబర్ చివర్లో లేదా డిసెంబర్ మొదట్లో ముగుస్తుంది. ఒక్కో కాంపస్‌కు 80 డాలర్లు, క్యాల్ స్టేట్‌కు 70. యూసీకి 350 మాటలు మించకుండా నాలుగు జవాబులు రాయాలి, అందులో మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారన్నది తప్పనిసరి. జనవరిలో ఫాల్ గ్రేడ్లు అప్‌డేట్ చేయాలి. ఇది మర్చిపోయి సీటు పోగొట్టుకునేవాళ్లుంటారు. యూసీ ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి, జూన్ 1 లోపు ఒక చోటు ఒప్పుకోవాలి. ఆ నెల రోజుల్లో కాంపస్ చూసి రావడం ఎంత ముఖ్యమో, డిపార్ట్‌మెంట్ సలహాదారు దగ్గర టర్మ్‌వారీ ప్లాన్ రాయించుకోవడం అంతకన్నా ముఖ్యం. వచ్చే ఫాల్‌లో ఏ కోర్సులు, ఎప్పటికి డిగ్రీ అన్నది ఆ కాగితం మీద కనిపించాలి. రెండు యూనివర్సిటీల ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎంచుకోవాలో చాలామందికి అక్కడే తెలిసిపోతుంది.

సీటు వచ్చాక కూడా స్ప్రింగ్ టర్మ్ (కమ్యూనిటీ కాలేజీలో చివరి టర్మ్) మిగిలే ఉంటుంది. దరఖాస్తులో తీసుకుంటామని రాసిన కోర్సులన్నీ పూర్తిచేయాలి, చెప్పకుండా ఒక్కటి వదిలేసినా, డీ గ్రేడు వచ్చినా ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే అధికారం యూనివర్సిటీకి ఉంటుంది. ఏదైనా కోర్సు కష్టంగా ఉంటే వదిలేశాక కాదు, వదిలేయకముందే అడ్మిషన్ ఆఫీసుకు రాయాలి.